వంతెన గర్డర్లు లారీ బరువును ఎలా పంచుకుంటాయి? సైట్‌లో కొలిచే పద్ధతి, అడుగడుగునా

బెంగళూరులో సైట్ ఇంజనీర్లుగా, కన్సల్టెంట్ల దగ్గర జూనియర్లుగా పనిచేస్తున్న మన తెలుగు పిల్లలు తరచూ అడుగుతుంటారు: "సార్, వంతెన మీద లారీ నిలబెడితే ఏ గర్డర్ మీద ఎంత పడుతోందో నిజంగా కొలవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" గర్డర్లంటే వంతెన పొడవునా రోడ్డును మోసే దూలాలు. ఫోన్‌లో పది నిమిషాల్లో చెప్పే సంగతి కాదు ఇది. అందుకే వరుసగా రాస్తున్నాను.

ముందు ఒక తేడా గుర్తుపెట్టుకోండి. బెంగళూరు పీణ్య ఫ్లైఓవర్‌లో ప్రీస్ట్రెస్ కేబుళ్లు (కాంక్రీటును ముందే బిగించి ఉంచే ఉక్కు తీగలు) దెబ్బతిన్నాయని 2021 డిసెంబర్‌లో రాకపోకలు ఆపేశారు. 2024 జనవరిలో మళ్లీ మూసి లోడ్ టెస్ట్ చేశారు. వంతెన అనుకున్న బరువు మోస్తుందా లేదా అని తేల్చే పరీక్ష అది. అలాంటి వాటికి ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) మార్గదర్శి ఎస్పీ 51 ఉంది: బరువును దశలవారీగా పెంచి, 24 గంటలు ఉంచి, తీసేశాక వంగిన గర్డర్ ఎంత వెనక్కి వచ్చిందో చూస్తారు. ఆర్‌సీసీ (మామూలు కడ్డీల కాంక్రీటు) అయితే కనీసం 75 శాతం, ప్రీస్ట్రెస్ అయితే 85 శాతం వెనక్కి రావాలి.

మనం చేయబోయేది వేరు. మామూలు లోడుతో ఉన్న ఒకటి రెండు టిప్పర్లు చాలు. వంతెన ఎంత మోయగలదన్నది ఇక్కడ ప్రశ్న కాదు, మోస్తున్న బరువును గర్డర్లు తమలో ఎలా పంచుకుంటున్నాయన్నదే ప్రశ్న. నలుగురు మోస్తున్న మంచం మీద పిల్లాడు ఏ మూల కూర్చుంటే ఆ మూలవాడి భుజం ఎక్కువ నొప్పి పెడుతుంది, మిగతావాళ్లకు ఎంత చేరుతుందన్నది మంచం పట్టెల బిగువును బట్టి ఉంటుంది. ఇక్కడ పట్టెలంటే డెక్ స్లాబ్ (రోడ్డును మోసే పలక), క్రాస్ గర్డర్లు (ప్రధాన గర్డర్లను అడ్డంగా కలిపే దూలాలు).

లెక్కలు అర్థం కావడానికి ఒక ఊహా వంతెన తీసుకుంటాను: 20 మీటర్ల సింప్లీ సపోర్టెడ్ (రెండు చివర్లా ఊరికే ఆనించిన) స్పాన్, ఎం40 (40 మెగాపాస్కల్స్ బలమున్న కాంక్రీటు) ప్రీస్ట్రెస్ గర్డర్లు నాలుగు, మధ్య దూరం 2.5 మీటర్లు, రోడ్డు వెడల్పు 7.5 మీటర్లు. ఇక్కడి అంకెలన్నీ ఆ ఉదాహరణవే.

1. డ్రాయింగ్ ఒక చేత్తో, టార్చ్ ఇంకో చేత్తో

పరీక్షకు కనీసం వారం ముందు వంతెన కిందికి వెళ్లి చూడండి. డ్రాయింగ్‌లో ఉన్నదే సైట్‌లో ఉందని నమ్మకండి. పాత వంతెనల మీద తారు పొర మీద పొర వేసుకుంటూ పోతారు, ఒక్కోచోట క్రాస్ గర్డర్ పక్కన కేబుల్ ట్రేలు, నీటి పైపులు వచ్చి చేరతాయి.

చూడాల్సినవి:

- ప్రతి గర్డర్ లోతు, వెడల్పు టేపుతో కొలవాలి. అంచు గర్డర్ కొలతలు విడిగా రాసుకోవాలి.
- స్లాబ్ మందం, తారు మందం.
- క్రాస్ గర్డర్లు ఎన్ని, ఎంత లోతు, గర్డర్లతో కలిసే చోట పగుళ్లు ఉన్నాయా.
- బేరింగులు (గర్డర్ చివర్ల కింద ఆనుగా ఉండేవి) కదిలే స్థితిలో ఉన్నాయా, మట్టి, చెత్త పేరుకుని బిగిసిపోయాయా.
- క్రాష్ బ్యారియర్ అంతా ఒకటేనా, మధ్యమధ్య జాయింట్లు ఉన్నాయా.
- కింద నేలా, నీళ్లా, రాజకాలువా (పెద్ద వాననీటి కాలువ). నిచ్చెన చాలుతుందా, స్కాఫోల్డింగ్ కావాలా, బూమ్ లిఫ్ట్ కావాలా.
- తేనెతుట్టెలు. నవ్వకండి. గర్డర్ల మధ్య నీడలో తరచూ ఉంటాయి. రాత్రి లైట్లు వేసి డ్రిల్ మొదలుపెడితే ప్రాణాల మీదకు వస్తుంది. ముందే తీయించండి.

బేరింగ్, బ్యారియర్ సంగతి ఎందుకు అడిగానంటే, ఈ రెండే తర్వాత లెక్కను తారుమారు చేసేవి. బిగిసిపోయిన బేరింగ్ గర్డర్ చివరను పట్టి ఉంచుతుంది, మధ్యలో స్ట్రెయిన్ (పొడవుతో పోలిస్తే కాంక్రీటు ఎంత సాగిందన్న కొలత) తగ్గిపోతుంది. బలమైన బ్యారియర్ అంచు గర్డర్‌కు తోడై దాన్ని గట్టిపరుస్తుంది. గట్టిగా ఉన్న గర్డర్ ఎక్కువ బరువు లాక్కుంటుంది.

2. కొలవక ముందే జవాబు ఊహించండి

చాలామంది వదిలేసే మెట్టు ఇది. ముందు లెక్క చేతిలో లేకపోతే, రాత్రి రెండింటికి స్క్రీన్ మీద కనిపించే అంకె సరైనదో కాదో తెలియదు.

గర్డర్ల వాటాలు చేత్తో లెక్కగట్టడానికి మన దగ్గర ఎక్కువగా వాడేది కూర్బాన్ పద్ధతి. స్పాన్‌ను వెడల్పుతో భాగిస్తే 2కి 4కి మధ్య ఉండాలి, క్రాస్ గర్డర్ల లోతు ప్రధాన గర్డర్ లోతులో కనీసం ముప్పావు వంతు ఉండాలి. అప్పుడే అది నమ్మదగ్గది. కాకపోతే గ్రిలేజ్ మోడల్ (వంతెనను దూలాల జాలీలా చూసే కంప్యూటర్ లెక్క) వేసుకోండి.

మన ఉదాహరణలో గర్డర్లు వంతెన మధ్య గీత నుంచి 1.25, 3.75 మీటర్ల దూరంలో రెండువైపులా ఉన్నాయి. లారీ ఎడమ కర్బ్ పక్కన ఉంది, దాని మధ్య గీత వంతెన మధ్య నుంచి 2.25 మీటర్లలో ఉంది. కూర్బాన్ ప్రకారం నాలుగు గర్డర్ల వాటాలు: 0.52, 0.34, 0.16, మైనస్ 0.02. కలిపితే సరిగ్గా 1. మైనస్ అంటే అవతలి అంచు కొద్దిగా పైకి లేవాలని చూస్తుందన్నమాట. ఈ నాలుగు అంకెలు కాగితం మీద పెద్దగా రాసి లాగర్ (కొలతలు నమోదు చేసే పరికరం) పక్కన అతికించండి.

3. లారీని తూకం వేయడం

మూడు ఇరుసుల టిప్పర్ సులువుగా దొరుకుతుంది. చట్టం ప్రకారం దాని మొత్తం బరువు 28.5 టన్నులు దాటకూడదు. మీ పరీక్షకు అంతకంటే ఎక్కువ అక్కర్లేదు కూడా. వంతెన మీద బరువు పరిమితి బోర్డు ఉంటే, ఆ పరిమితిని లెక్క వేసి, ఇంజనీర్ సంతకం పెట్టనిదే దాటకూడదు.

మొత్తం బరువు ఒక్కటే తెలిస్తే సరిపోదు. ప్రతి ఇరుసు బరువూ కావాలి. కాటా మీద ముందు ఇరుసు ఎక్కించి ఒక తూకం, బండి మొత్తం ఎక్కించి ఒక తూకం, వెనక ఇరుసులు మాత్రమే ఉంచి ఒక తూకం. మొదటిది, మూడోది కలిపితే రెండోది రావాలి. తేడా వస్తే కాటా ముందున్న నేల సమతలంగా లేదని అర్థం, ఇంకో కాటాకు వెళ్లండి. చక్రాల కింద పెట్టే పోర్టబుల్ తూకం పలకలు దొరికితే ఇంకా మంచిది, కుడిఎడమల తేడా కూడా తెలుస్తుంది.

ఇంకో మాట. తడి ఎం-శాండ్ లోడ్ చేయకండి. సాయంత్రం నింపితే అర్ధరాత్రికి నీళ్లు కారిపోయి బరువు మారిపోతుంది. పొడి జల్లి నింపండి, పైన టార్పాలిన్ కట్టించండి, డీజిల్ ట్యాంక్ స్థాయి రాసుకోండి. పరీక్ష అయ్యాక మళ్లీ ఒకసారి తూకం వేయండి.

ఇరుసుల మధ్య దూరాలు, చక్రాల మధ్య వెడల్పు మీ టేపుతో మీరే కొలవండి. కంపెనీ బ్రోచర్ నుంచి తీసుకోకండి.

4. గేజ్‌లు ఎక్కడ, ఎన్ని

ప్రతి గర్డర్‌కు స్పాన్ మధ్యలో కింది అంచున ఒక స్ట్రెయిన్ గేజ్ (స్ట్రెయిన్ కొలవడానికి అతికించే పట్టీ) తప్పనిసరి. వెబ్ (గర్డర్ నిలువు భాగం) మీద, స్లాబ్‌కు కొంచెం కింద, ఇంకొకటి కూడా పెట్టండి. రెండు ఎత్తుల్లో స్ట్రెయిన్ తెలిస్తే సున్నా ఎక్కడ పడుతుందో గీత గీసి చూడొచ్చు. ఆ సున్నా మీ సెక్షన్ లెక్కలో వచ్చిన న్యూట్రల్ యాక్సిస్‌కు (గర్డర్ వంగినా సాగని, కుదించుకోని గీత) దగ్గరగా ఉంటే స్లాబ్, గర్డర్ కలిసి పనిచేస్తున్నట్టే. దూరంగా ఉంటే గేజ్ తప్పైనా కావాలి, బంధం వదిలైనా ఉండాలి. రెండింటిలో ఏదో తేలాకే ముందుకు వెళ్లండి.

గర్డర్ ఒక్కింటికి డయల్ గేజ్ గానీ ఎల్‌వీడీటీ (కదలికను కొలిచే ఎలక్ట్రానిక్ పరికరం) గానీ వీలైతే పెట్టండి. వంపు కొలత స్ట్రెయిన్ కొలతకు సాక్షిలా పనికొస్తుంది. కాకపోతే స్కాఫోల్డింగ్ నేల మీద గట్టిగా నిలబడాలి, దాని మీద మనుషులు నడవకూడదు.

గేజ్ పొడవు విషయంలో చాలామంది పొరపాటు చేస్తారు. స్టీల్‌కు వాడే 5 మిల్లీమీటర్ల గేజ్ కాంక్రీటు మీద అతికిస్తే అది ఒక జల్లి రాయి స్ట్రెయిన్ చెబుతుంది, గర్డర్ స్ట్రెయిన్ చెప్పదు. జల్లి 20 మిల్లీమీటర్లయితే గేజ్ కనీసం 60 ఉండాలి, 90 అయితే ఇంకా నయం.

ఆర్‌సీసీ గర్డర్లలో అసలు చిక్కు పగుళ్లు. సర్వీసులో ఉన్న ఆర్‌సీసీ గర్డర్ కింది అంచున సన్నని పగుళ్లు ఉండటం మామూలే. పగులు మీద పడ్డ గేజ్ చాలా ఎక్కువ చూపిస్తుంది, రెండు పగుళ్ల మధ్య పడ్డది చాలా తక్కువ చూపిస్తుంది. నాలుగు గర్డర్లలో ఒక్కో గేజ్ ఒక్కో తీరున పడితే మీ వాటాలన్నీ చెత్తే. అలాంటప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి, రెండు మూడు పగుళ్లను దాటి సగటు ఇచ్చే పొడవాటి ట్రాన్స్‌డ్యూసర్ వాడటం. రెండోది, కవర్ జాగ్రత్తగా చెక్కి, కడ్డీ మీద స్టీల్ గేజ్ అతికించడం. ప్రీస్ట్రెస్ గర్డర్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చెక్కకూడదు.

5. అతికించే పని

ఈ పనికి రోజంతా పడుతుంది, పట్టనివ్వండి. తొందరపడి సాయంత్రం మొదలుపెట్టి ఆ రాత్రే టెస్ట్ అంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

- గ్రైండర్‌తో పైన ఉన్న పాలపొర పోయి జల్లి కనిపించేదాకా అరగదీయాలి. లోతుగా గీయకూడదు.
- ఎమరీ కాగితంతో నునుపు చేసి, అసిటోన్ తడిపిన గుడ్డతో ఒకే దిశలో తుడవాలి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా మార్చి మార్చి తుడవాలి.
- చిన్న రంధ్రాలు ఎపాక్సీతో పూడ్చి ఆరనివ్వాలి. మళ్లీ ఒకసారి అరగదీయాలి.
- గేజ్ గర్డర్ పొడవు దిశలోనే ఉండేలా పెన్సిల్ గీత గీసి, గీత మీద అతికించి, బొటనవేలితో నిమిషం పాటు గట్టిగా అదిమి పట్టాలి.
- అంచుల దగ్గర గాలి బుడగ కనిపిస్తే పీకేసి కొత్తది పెట్టాలి. "పర్లేదులే" అనుకున్న గేజే అర్ధరాత్రి మొరాయిస్తుంది.
- సిలికాన్‌తో మూసి, రాత్రి మంచు తేమ తగలకుండా చేయాలి.

తర్వాత మల్టీమీటర్‌తో గేజ్ నిరోధం చూడండి: 120 ఓంల గేజ్ అయితే 120కి దగ్గరగా రావాలి. వైర్ పొడవుగా ఉంటే మూడు తీగల కనెక్షన్ వాడండి. రెండు తీగలతో పోతే వైర్ వేడెక్కినా చల్లబడినా అదంతా స్ట్రెయిన్‌గానే కనిపిస్తుంది. షంట్ క్యాలిబ్రేషన్ (తెలిసిన నిరోధం కలిపి అంకె సరిచూడటం) ప్రతి చానెల్‌కూ చేయండి. లాగర్‌ను జనరేటర్‌తో కాకుండా బ్యాటరీతో నడపండి, సిగ్నల్ ఎంత శుభ్రపడుతుందో మీకే కనిపిస్తుంది.

చానెల్ నంబర్లు గర్డర్ మీద సుద్దతో పెద్దగా రాయండి. ఒకరు కింద ఒక గేజ్‌ను వేలితో తట్టాలి, ఇంకొకరు స్క్రీన్ మీద ఏ గీత కదిలిందో చూడాలి. అలా ప్రతి గేజూ చూశాకే చానెల్ పట్టిక ఖరారు చేయండి.

6. ఎందుకు అర్ధరాత్రే

ట్రాఫిక్ తక్కువని మాత్రమే కాదు. అసలు కారణం వేడి.

కాంక్రీటు ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకు సుమారు 12 మైక్రోమీటర్లు సాగుతుంది, అంటే 12 మైక్రోస్ట్రెయిన్. మన ఉదాహరణలో కర్బ్ పక్కన లారీ నిలబెడితే అంచు గర్డర్‌లో వచ్చేది సుమారు 80. దూరంగా ఉన్న గర్డర్‌లో 6 మాత్రమే. ఉదయం పదింటికి బెంగళూరు ఎండ డెక్ మీద పడుతుంటే, పైభాగం, కింది భాగం వేర్వేరుగా వేడెక్కుతాయి, గర్డర్ తనంతట తానే వంగుతుంది. ఆ 6 అంకె ఎండదో లారీదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

రాత్రి 12 నుంచి 5 మధ్య ఉష్ణోగ్రత మెల్లగా మారుతుంది. నెలల్లో డిసెంబర్ నుంచి మార్చి దాకా వాన బెడద తక్కువ. మే జల్లులు, సెప్టెంబర్, అక్టోబర్ వానలు తప్పించండి.

అయినా సరే, ఒత్తిడి లేని కాంక్రీటు దిమ్మె మీద ఒక డమ్మీ గేజ్ అతికించి గర్డర్ పక్కనే ఉంచండి. ప్రతి రన్ (లారీని ఒకసారి వంతెన మీదకు పంపడం) ముందు, తర్వాత, వంతెన ఖాళీగా ఉన్నప్పుడు సున్నా చదివి రాయండి. రెండు సున్నాల మధ్య తేడా 3 మైక్రోస్ట్రెయిన్ దాటితే ఆ రన్ మళ్లీ చేయాలన్నది నేను పాటించే నియమం.

7. అనుమతులు, మనుషులు

వంతెన ఏ శాఖదో ఆ శాఖ రాతపూర్వక అనుమతి, ట్రాఫిక్ పోలీసుల అనుమతి, రెండూ ముందే చేతిలో ఉండాలి. పూర్తిగా మూయడానికి ఒప్పుకోకపోతే, ఒక్కో రన్‌కు ఐదు నిమిషాల చొప్పున ఆపడానికి అడగండి. సాధారణంగా దానికి ఒప్పుకుంటారు. పక్క లేన్‌లో బైకు పోయినా ఫర్వాలేదు, బస్సు మాత్రం పోకూడదు.

డ్రైవర్ అనంతపురం వాడు కావచ్చు, తుమకూరు వాడు కావచ్చు, సేలం వాడు కావచ్చు. అరుపుల మీద ఆధారపడకండి. ఎర్ర టార్చ్ అంటే ఆగు, పచ్చది అంటే మెల్లగా రా. మొదటి రన్ ముందు ఖాళీ రోడ్డు మీద డ్రైవర్‌తో రెండుసార్లు సాధన చేయించండి. సిగ్నల్ ఇచ్చేవాడు ఒక్కడే ఉండాలి.

లారీ మొదటిసారి ఎక్కేటప్పుడు వంతెన కింద ఎవరూ ఉండకూడదు. కొత్త పగులు కనిపించినా, సున్నా తిరిగి రాకపోయినా, శబ్దం వినిపించినా అక్కడితో ఆపేయాలి. ఈ మాట మేస్త్రీకి, కూలీలకు కూడా చెప్పండి, వాళ్లూ కేక వేసి ఆపవచ్చని చెప్పండి.

8. రన్‌లు

డెక్ మీద సుద్దపొడితో ఐదు దారులు గీయండి: ఎడమ కర్బ్ పక్కన, ఎడమ లేన్ మధ్య, వంతెన మధ్య, కుడి లేన్ మధ్య, కుడి కర్బ్ పక్కన. ఎడమ ముందు చక్రం బయటి అంచు ఏ గీత మీద నడవాలో డ్రైవర్‌కు చూపించండి.

వరుస ఇలా పెట్టుకోండి:

- ముందుగా నడక వేగంతో, గంటకు 5 కిలోమీటర్లు మించకుండా, ఒక్కో దారిలో మూడుసార్లు. సెకనుకు 50 రీడింగులు చాలు. లారీ ప్రతి 2 మీటర్ల గుర్తు దాటినప్పుడు ఒకరు స్విచ్ నొక్కి రికార్డులో గుర్తు పెట్టాలి.
- తర్వాత నిలిపి కొలిచేవి. వెనక ఇరుసుల్లో మొదటిది సరిగ్గా స్పాన్ మధ్యలో ఆగాలి. ఇంజన్ ఆపించి, అంకెలు నిలకడ అయ్యాక చదవండి.
- రెండో లారీ ఉంటే రెండూ పక్కపక్కన నిలిపి ఒకసారి.

మూడు రన్‌ల గరిష్ఠాలు ఒకదానికొకటి ఐదు శాతంలోపు ఉండాలి. లేకపోతే లారీ దారి తప్పుతోంది.

9. లెక్క, అన్నిటికంటే ముఖ్యమైన తనిఖీ

ఎడమ కర్బ్ దారిలో నాలుగు గర్డర్ల కింది స్ట్రెయిన్ వరుసగా 82, 58, 28, 6 వచ్చాయనుకుందాం. మొత్తం 174. నేరుగా భాగిస్తే మొదటి గర్డర్ వాటా 47 శాతం.

ఇక్కడితో ఆపేస్తే తప్పు. బ్యారియర్ వల్ల అంచు గర్డర్ సెక్షన్ మాడ్యులస్ (ఆకారాన్ని బట్టి వంపును తట్టుకునే కొలత) లోపలిదానికంటే 10 శాతం ఎక్కువ అనుకోండి. ఒకే స్ట్రెయిన్‌కు అది 10 శాతం ఎక్కువ మూమెంట్ (వంచే ప్రభావం, బరువు ఇంటు దూరం) మోస్తున్నట్టు. కాబట్టి అంచు గర్డర్ల అంకెలను 1.1తో గుణించాలి: 90.2, 58, 28, 6.6. మొత్తం 182.8. వాటాలు 49, 32, 15, 4 శాతం. కూర్బాన్ 52 అన్నాడు, సైట్ 49 అంటోంది. నమ్మదగ్గ తేడా.

ఇప్పుడు అసలు తనిఖీ. ఈ వాటాలు ఎప్పుడైనా 100కే కలుస్తాయి, గేజ్‌లన్నీ తప్పైనా కలుస్తాయి. కాబట్టి 100 వచ్చిందని సంబరపడకండి. కొలిచిన మూమెంట్ లారీ మూమెంట్‌తో కలవాలి.

లారీ ముందు ఇరుసు 7 టన్నులు, వెనక రెండు ఇరుసులు 10.5 చొప్పున. వెనక మొదటి ఇరుసు మధ్యలో ఉంటే దగ్గరి సపోర్ట్ నుంచి 10 మీటర్లు, రెండోది 8.6, ముందు ఇరుసు 6.1. ప్రతి బరువును దాని దూరంతో గుణించి రెండుతో భాగించి కలపండి: 52.5, 45.15, 21.35. మొత్తం 119 టన్ను-మీటర్లు.

గర్డర్ల వైపు నుంచి: ఎం40కి ఐఎస్ 456 (భారతీయ కాంక్రీటు ప్రమాణం) సూత్రం ప్రకారం ఎలాస్టిక్ మాడ్యులస్ (సాగకుండా నిలిచే గట్టిదనం) సుమారు 31,600 మెగాపాస్కల్స్. లోపలి గర్డర్ కింది సెక్షన్ మాడ్యులస్ 0.19 ఘనపు మీటర్లు. అంటే ఒక్కో మైక్రోస్ట్రెయిన్‌కు 0.612 టన్ను-మీటర్. దాన్ని 182.8తో గుణిస్తే సుమారు 112. లారీ ఇచ్చిన 119లో 94 శాతం. మిగతాది బేరింగ్ బిగువులో, కాంక్రీటు అసలు బలంలో, తారు పొరలో ఎక్కడో ఉంది. ఇది మంచి ఫలితం.

ఇదే 60 శాతం వస్తే? బేరింగులు చూడండి, సపోర్ట్ దగ్గర గర్డర్ కింద ఒక గేజ్ పెట్టి అక్కడ కుదింపు కనిపిస్తోందేమో చూడండి. 130 శాతం వస్తే? పగుళ్ల మీద గేజ్ పడిందేమో, గేజ్ ఫ్యాక్టర్ తప్పు కొట్టారేమో చూడండి. కారణం తేలేదాకా రిపోర్టులో వాటాలు రాయకండి.

ఇంకో రెండు తనిఖీలకు పైసా ఖర్చు లేదు. ఎడమ కర్బ్ ఫలితాన్ని తిరగేస్తే కుడి కర్బ్ ఫలితం రావాలి, అద్దంలో చూసినట్టు రాకపోతే ఏదో ఒక గర్డర్‌లోనో క్రాస్ గర్డర్‌లోనో తేడా ఉంది. రెండు లారీలు కలిసి ఇచ్చిన స్ట్రెయిన్, విడివిడిగా ఇచ్చిన వాటి మొత్తానికి సమానం కావాలి. రెండు లారీల వాటాలు చెప్పేటప్పుడు మొత్తం 1 కాదు, 2 అని మరచిపోకండి.

10. తరచూ జరిగే తప్పులు

ఒక గర్డర్ అంకె మాత్రమే వింతగా ఉంటే, వంతెనలో లోపం ఉందని ప్రకటించే ముందు ఆ గేజ్ మార్చి ఒక రన్ చేయండి. నూటికి తొంభై సార్లు గేజే అంటాను నేను.

అంకెలన్నీ ఒకే దిశలో మెల్లగా జారుతుంటే వేడి. వేగంగా వణుకుతుంటే కరెంటు గోల, ఎర్తింగ్ చూడండి. లారీ దిగాక కూడా అంకె సున్నాకు రాకపోతే అతుకు వదులైంది, అది కాకపోతే నిజంగానే వంతెన వెనక్కి రావట్లేదు. రెండోదనిపిస్తే లారీని మళ్లీ ఎక్కించకండి, సీనియర్‌కు ఫోన్ చేయండి, ఎంత రాత్రయినా.

స్క్యూ వంతెనలు (ఏటవాలుగా దాటేవి), బాక్స్ గర్డర్లు (లోపల బోలుగా పెట్టెలా ఉండేవి) ఈ పద్ధతిలో యథాతథంగా ఇమడవు. బాక్స్‌లో రెండు వెబ్‌లు కలిసి మెలిపడతాయి కాబట్టి గర్డర్ వాటా అన్న ప్రశ్నే మారుతుంది. వాటికి మోడల్ ముందు, గేజ్‌లు తర్వాత.

11. సైట్ వదిలే ముందు

- ముడి డేటా రెండు చోట్ల కాపీ అయిందా. సవరించినవి వేరే ఫైల్‌లో.
- ప్రతి గేజ్ ఫొటో, చానెల్ నంబర్ కనిపించేలా.
- కాటా చీటీలు, పరీక్ష ముందువి, తర్వాతవి.
- రన్‌ల పుస్తకం: సమయం, దారి, ముందు సున్నా, తర్వాత సున్నా, ఉష్ణోగ్రత.
- కడ్డీ కోసం కవర్ చెక్కిన చోట్లన్నీ తుప్పు తుడిచి, ప్రైమర్ పూసి, పాలిమర్ మోర్టార్‌తో మూయాలి. రేపు చూద్దాం అనుకుంటే ఎవరూ రారు, నీరు మాత్రం వస్తుంది. బ్యారికేడ్లు తీసే ముందే ఆ పని ముగించండి.